పెద్దపేగు – దాని రక్తమార్గములు



నేటి ప్రసంగవిషయము వినుటకు కొంత కటువుగా తోచవచ్చును. పేగులను గూర్చియు, వానిని కోసి కుట్టుటను గూర్చియు నలుగురిలో మాటలాడుట మనకు అలవాటు లేదు. నేను వైద్యుడను కాను. సంస్కృతాంధ్రములు చదువుకొని, బడిలో పాఠములు చెప్పి, ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్నవాడను. అయినను, తెలియనిదానిని తలచి భయపడుటకంటె తెలిసికొని ధైర్యము తెచ్చుకొనుట మేలను నమ్మకముతో, వైద్యగ్రంథములు చదివియు, శస్త్రవైద్యుల నడిగియు గ్రహించిన సంగతులను మీకు మనవి చేయుచున్నాను.

పల్లెలలో నేను పలుమారులు వినిన ప్రశ్న యొకటి కలదు. ఇంటి పెద్దకు పెద్దపేగులో క్యాన్సరు గడ్డ పుట్టినదని వైద్యులు చెప్పుదురు. గడ్డ నిమ్మకాయంత. తీసివేయవలసిన పేగు మాత్రము ఇంచుమించు మూరెడందురు. “నిమ్మకాయంత గడ్డకు మూరెడు పేగు ఏల?” అని బంధువులు సందేహింతురు. కొందరు, అక్కరలేనిదంతయు కోసివేసిరని తరువాత నొచ్చుకొందురు. మరికొందరు ఆ భయముచేతనే ఆపరేషనుకు ఒప్పుకొనక నెలలు గడుపుదురు. ఈ ప్రశ్నకు సమాధానము గడ్డ పరిమాణములో లేదు. పేగునకు నెత్తురు వచ్చు దారిలో ఉన్నది. ఆ దారిని తెలిసికొన్నచో సందేహము తానే విడిపోవును.

మొదట పేగుల అమరిక చూతము. చిన్నపేగు పొడవు సుమారు 20 అడుగులు. పెద్దపేగు పొడవు సుమారు 5 అడుగులు. పెద్దపేగను పేరు దాని లావునుబట్టి వచ్చినది కాని పొడవునుబట్టి కాదు. అది పొట్టలో ద్వారబంధమువలె అమరియుండును. పొత్తికడుపు కుడిప్రక్కన ఉండుకమను సంచితో మొదలై, కాలేయము క్రిందిదాక నిలువుగా ఎక్కును. దీనిని ఎక్కుపేగు అందము. అచ్చట మలగి, ద్వారబంధపు పైకమ్మివలె ఎడమకు సాగును. ఇది అడ్డుపేగు. ఎడమ ప్రక్కటెముకల చాటున, ప్లీహము దగ్గర, మరల మలగి క్రిందికి దిగును. ఇది దిగుపేగు. పిమ్మట పామువలె ఒక వంపు తిరిగి మలాశయములో కలియును. ఆ వంపు తిరిగిన భాగమును వంపుపేగు అందము.

ఈ పేగు పొట్టలో ఊరక పడియుండునది కాదు. వెన్నెముక వైపునుండి ఒక పలుచని పొర, తాటాకు విసనకఱ్ఱవలె విచ్చుకొని వచ్చి, తన యంచున పేగును పట్టుకొనియుండును. మేకను కోసినచోట పేగులనంటి క్రొవ్వుతో నిండిన పొరను చూచినవారు మీలో ఉందురు. మన కడుపులోని పొరయు అట్టిదే. నెత్తురు తెచ్చు ధమనులు, నెత్తురు తీసికొనిపోవు సిరలు, శోషరసనాళములు, నరములు, అన్నియు ఈ పొర మడతలలోనే నడచును. విసనకఱ్ఱ పిడి వెన్ను వద్ద నున్నది. అంచు పేగు వద్ద నున్నది. నడుమనున్న ఈనెలే రక్తనాళములు. ఈ పోలికను దయతో జ్ఞాపకముంచుకొనుడు. ముందు చెప్పబోవు సంగతులన్నియు దీనిమీదనే ఆధారపడియున్నవి.

మన ప్రాచీనులు ఈ విషయమును ఆలోచింపకపోలేదు. సుశ్రుతసంహితలోని శారీరస్థానము, ధమనులు నాభినుండి పుట్టునని చెప్పి, వాని సంఖ్య 24 అని లెక్కించినది. నెత్తురు గుండెనుండి బయలుదేరి మరల గుండెకే చేరునని ఇంగ్లండు దేశపు వైద్యుడు విలియం హార్వే 1628లో ప్రకటించిన పిదప ఈ లెక్క మారినది. ధమని, సిర అను మాటలకు నేడు మనము చెప్పుకొను అర్థము గూడ ఆ గ్రంథములోని యర్థముకంటె వేరు. అయినను పేగులకు నెత్తురునిచ్చు ముఖ్యధమనులలో ఒకటి నాభికి కొంచెము ఎగువననే పుట్టుచున్నదని తెలిసినప్పుడు, ప్రాచీనుల చూపు నాభిమీద నిలుచుట నాకు వింతగా తోచలేదు.

ఇక ఆ ధమనుల సంగతి. గుండెనుండి బయలువెడలిన బృహద్ధమని వెన్నెముకకు ముందుగా దిగి, నాభి యెత్తున రెండు కాళ్లకును రెండుగా చీలును. పొట్టలో దిగుచుండగా దాని ముందువైపునుండి మూడు శాఖలు పుట్టును. మొదటిది జీర్ణాశయము, కాలేయము, ప్లీహము మొదలగువానికి పోవును. రెండవది ఎగువ ఆంత్రధమని. ఇది నడుము వెన్నుపూసలలో మొదటిదాని యెత్తున, క్లోమము వెనుక పుట్టి, చిన్నపేగులో చాలభాగమును, పెద్దపేగులో కుడిసగమును పోషించును. మూడవది దిగువ ఆంత్రధమని. ఇది నడుము వెన్నుపూసలలో మూడవదాని యెత్తున పుట్టి, పెద్దపేగు ఎడమసగమును, మలాశయపు పైభాగమును పోషించును. అడ్డుపేగులో సుమారు మూడింట రెండు వంతులు ఎగువ ధమని పాలు. మిగిలిన వంతు దిగువ ధమని పాలు.

అడ్డుపేగు ఒకటే అయియుండగా రెండు ధమనులకు పంపకమేల జరిగెను? దీనికి కారణము గర్భములోనే యున్నది. శిశువు పేగు మూడు భాగములుగా ఏర్పడును. ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క ధమని. నడిమిభాగము త్వరగా పెరుగుటచే, చిన్నపొట్టలో చోటు చాలక, సుమారు ఆరవవారమున బొడ్డుతాడులోనికి పొడుచుకొని వచ్చును. పదవవారమునకు మరల లోనికి పోవును. ఈ రాకపోకలలో అది తన ధమని చుట్టును ముప్పాతిక చుట్టు తిరుగును. ఆ తిరుగుటవలననే ఉండుకము కుడిప్రక్కకు చేరుచున్నది. తోబుట్టువులు పొలము పంచుకొన్న పిమ్మట గట్టు చెరిపివేసినను, ఏ చేనికి ఏ కాలువయో మారనట్లు, నడిమిభాగమును కడపటిభాగమును కలిసి ఒకే పేగుగా కనబడుచున్నను నెత్తురు పంపకము మాత్రము మారలేదు.

ఎగువ ధమనినుండి పెద్దపేగునకు ముఖ్యముగా మూడు శాఖలు చెప్పుదురు. చిన్నపేగు పెద్దపేగులో కలియుచోటికి పోవునది సంధిశాఖ; ఎక్కుపేగునకు పోవునది కుడిశాఖ; అడ్డుపేగునకు పోవునది నడిమిశాఖ. వీనిలో సంధిశాఖ ఇంచుమించు అందరిలోను ఉండును. కుడిశాఖ ఎగువ ధమనినుండి నేరుగా పుట్టుట మాత్రము అందరిలో కానరాదు. అనేకులలో అది మరియొక శాఖనుండి చీలి వచ్చును. దిగువ ధమనినుండి దిగుపేగునకు ఎడమశాఖయు, వంపుపేగునకు రెండు మూడు చిన్నశాఖలును, కడపట మలాశయశాఖయు పోవును. ముఖములు ఒక్కతీరుగా నుండనట్లే ఈ శాఖలును ఏ ఇద్దరిలోను అచ్చముగా ఒక్కతీరున నుండవు. అందుచేతనే నేటి వైద్యులు శస్త్రచికిత్సకు ముందు సిరలోనికి మందెక్కించి, సి.టి. యంత్రముతో చిత్రము తీసి, ఆ రోగి ధమనులు ఏ తీరున నున్నవో చూచుకొందురు. ఆ పరీక్ష కాలహరణము కాదు. పొలములో దిగకముందు గ్రామపటము చూచుకొనుట వంటిది.

ఈ శాఖలన్నియు పేగు సమీపమునకు వచ్చి ఒకదానితో నొకటి చేతులు కలుపుకొని, పేగు పొడవునను ఒక ధమనిగా ఏర్పడును. దీనిని అంచుధమని అందురు. దీనిపై 1913 ప్రాంతమున పరిశోధన చేసిన డ్రమ్మండు అను ఆంగ్ల శస్త్రవైద్యుని పేర వైద్యలోకము దీనిని వ్యవహరించుచున్నది. ఒక శాఖ మూసికొనిపోయినను ప్రక్కశాఖ నెత్తురు ఈ అంచుధమనిగుండ వచ్చి పేగును బ్రతికించును. బృహద్ధమని ఉబ్బిన రోగులకు శస్త్రచికిత్స చేయునప్పుడు దిగువ ఆంత్రధమనిని కట్టివేసినను, సాధారణముగా ఎడమపేగు చావకుండుటకు ఇదియు, ఇట్టి ఇతర మార్గములును కారణము. అంచుధమనినుండి దువ్వెనపండ్లవలె సన్నని నాళములు బయలుదేరి పేగుగోడలోనికి నాటుకొనును. పేగుగోడకు కడపటి బోదెలు ఇవియే.

కాలువ క్రింద సేద్యము చేయువారికి శివారు చేల కష్టము చెప్పనక్కరలేదు. తూము దగ్గర చేనికి నీరు నిండుగా పారును. రెండు కాలువలకును కడపటనున్న చేనికి ఇటునుండియు అటునుండియు అరకొరయే. పెద్దపేగునకును అట్టి శివారు కలదు. ప్లీహము దగ్గరి మలుపు ఎగువ ధమనికిని దిగువ ధమనికిని సరిహద్దు. అచ్చట అంచుధమని కొందరిలో మిక్కిలి సన్నమై, కొందరిలో తెగియే యుండును. గ్రిఫిత్స్ అను శస్త్రవైద్యుడు 1956లో ఈ సంగతిని వివరించినందున ఆ చోటికి ఆయన పేరే వచ్చినది. వంపుపేగు మలాశయముతో కలియు తావును గూర్చి జర్మనీ దేశస్థుడగు సూడెక్ 1907లో ఇట్టి హెచ్చరికయే చేసెను. ముసలితనమున గుండె బలహీనపడినప్పుడో, ఒంటిలోని నీరు ఎక్కువగా పోయి రక్తపుపోటు పడిపోయినప్పుడో పెద్దపేగునకు నెత్తురు చాలకపోయినచో, తరచుగా మొదట దెబ్బతినునవి ఇట్టి శివారు భాగములే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. గడ్డను మాత్రమే తీయవలెనన్న, దానికి ఇరుప్రక్కల సుమారు రెండేసి అంగుళముల మంచిపేగును కలిపి తీసిన చాలును. మిగిలిన పేగును ఏల తీయుదురు? క్యాన్సరు పేగుగోడ దాటి నడచునప్పుడు అది పట్టు ముఖ్యమైన దారి శోషరసనాళములు. ఆ నాళములు ధమనుల వెంబడియే, విసనకఱ్ఱ అంచునుండి పిడివైపునకు నడచును. దారిపొడవున మజిలీలవలె శోషరసగ్రంథులు ఉండును. మొదటి వరుస పేగు ప్రక్కన; రెండవది శాఖల నడుమ; మూడవది శాఖ పుట్టుచోట. గడ్డను తీసి ఈ మజిలీలను విడిచినచో, పైరులోని కలుపుమొక్కను కోసి వేరు నేలలో విడిచినట్లగును. కనుక ఆ ధమనిశాఖను దాని మొదటనే కట్టి, గ్రంథులతోను పొరతోను కూడ ఒకే ముక్కగా తీయవలెను.

తీసిన పొరలో కనీసము 12 గ్రంథులనైనను సూక్ష్మదర్శినితో పరీక్షింపవలెనని వైద్యుల నియమము. అంతకు తక్కువైనచో, వ్యాధి ఎంతదూరము పోయినదో రూఢిగా చెప్పుట కష్టము; పిదప మందులు ఇయ్యవలెనా వలదా యను నిర్ణయమును కష్టమగును. పేగుతోపాటు ఆ పొరను చిరుగకుండ, ధమని మొదటిదాక సంపూర్ణముగా తీయు పద్ధతిని జర్మనీలోని ఎర్లాంగెన్ నగరపు శస్త్రవైద్యుడు హోహెన్‌బెర్గరు 2009లో వివరించెను.

మొదట చెప్పిన విసనకఱ్ఱను మరల తలచుకొనుడు. అంచున ఒకచోట మచ్చ పడినది. ఆ మచ్చకు వచ్చు ఈనెను పిడిదాక తీసినచో, ఆ ఈనెమీద ఆధారపడిన ఆకు అంతయు వాడిపోవును. పిడివద్ద బెత్తెడు తీసినను అంచున మూరెడు పోవును. ధమనిశాఖను మొదట కట్టినప్పుడు ఆ శాఖవలన బ్రతుకు పేగునంతటిని తీయుట తప్పదు. తీయక విడిచిన భాగము నెత్తురు చాలక కుళ్లవచ్చును. కావున ఎంత పేగు పోవలెనో నిర్ణయించునది గడ్డ కొలత కాదు, రక్తమార్గపు కొలత. ఎక్కుపేగులో గడ్డయైనచో సంధిశాఖను, కుడిశాఖ యున్నచో దానిని, నడిమిశాఖలోని కుడిచీలికను కట్టి కుడిసగమును తీయుదురు. వంపుపేగులో గడ్డయైనచో దిగువ ధమనిని కట్టుదురు.

ఈ దిగువ ధమనిని ఎచ్చట కట్టవలెనను విషయమున శస్త్రవైద్యులలో పాతవాదము కలదు. 1908లోనే మొయినిహను, మైల్సు అను ఇరువురు ఆంగ్ల శస్త్రవైద్యులు రెండు తీరులు చెప్పిరి. మొదటివాడు ధమని పుట్టుచోటనే కట్టవలెననెను. రెండవవాడు ఎడమశాఖ చీలిన పిదప దాని దిగువను కట్టుట చాలుననెను. మొదటిదానిలో గ్రంథులు ఎక్కువగా వచ్చును. రెండవదానిలో ఎడమశాఖ మిగిలి, మిగిలిన పేగునకు నెత్తురు ధారాళముగా నుండును. నేటికిని రెండు పద్ధతులును వాడుకలో నున్నవి. కనుక ఒక ఊరి వైద్యుడు ఒకటియు, మరియొక ఊరి వైద్యుడు మరియొకటియు చెప్పినచో, వారిలో ఒకరు తప్పక అబద్ధమాడుచున్నారని తలపరాదు.

ఇంత నెత్తురు నాళముల నడుమ కత్తి ఎట్లు నడచును? ఇచ్చట సృష్టి ఒక సౌకర్యము చేసినది. ఎక్కుపేగు, దిగుపేగు గర్భములో వ్రేలాడుచుండి, పిమ్మట వెనుకగోడకు ఆనుకొని అతుకుకొనినవి. నెత్తురు నడుమనుండి వచ్చును కాని ప్రక్కనుండి రాదు. అందుచే వెలుపలి ప్రక్కను ఆ అతుకును విప్పినచో నెత్తురు బహు స్వల్పముగా కారును. ఆస్ట్రియా దేశపు శరీరశాస్త్రజ్ఞుడు టోల్ట్ 1879లో వర్ణించిన ఈ అతుకు శస్త్రవైద్యులకు రాచబాట. కాగితములు రెండు అంటుకొన్నప్పుడు నేర్పుతో విడదీసినట్లు, పేగును పొరతో సహా లేపి, ధమని మొదటిదాక వత్తురు.

సిరల సంగతి యొక మాట. పేగులనుండి మరలిన నెత్తురు నేరుగా గుండెకు పోదు. పేగుల సిరలు ప్లీహపు సిరతో కూడి ద్వారసిరయై కాలేయములో ప్రవేశించును. తిన్న యన్నపుసారము మొదట కాలేయమునకు చేరుటకే యీ యేర్పాటు. అయితే పెద్దపేగు క్యాన్సరు ఇతర అవయవములకు ప్రాకినప్పుడు తరచుగా కాలేయముననే కనబడుటకు ముఖ్యకారణమును ఇదియే. పేగులో జబ్బైనచో కాలేయమునకు పరీక్ష ఏలయని అడుగువారికి ఇదే సమాధానము.

గడ్డ తీసిన పిదప మిగిలిన రెండు కొనలను కలుపవలెను. సుశ్రుతసంహితలో, కోసిన పేగు అంచులను నల్లచీమలచే కరపించి, తలలుమాత్రము నిలిపి మొండెములను త్రుంచివేయు పద్ధతి చెప్పబడినది. నేడు దారముతో కుట్టుదురు. లేక యంత్రముతో సన్నని లోహపుకుట్లు వేయుదురు. చీమ తలయైనను, దారమైనను, లోహమైనను అంచులను పట్టియుంచును గాని అతికింపదు. అతికించునది నెత్తురు. రెండు కొనలకును నెత్తురు నిండుగా రావలెను. కలుపుచోట లాగుడు ఉండరాదు. ఈ రెండింటిలో ఏది లోపించినను, మొదటి వారము పది దినములలో అతుకు విడి, మలము పొట్టలోనికి కారి ప్రాణాపాయము కలుగవచ్చును.

అందుచేత శస్త్రవైద్యుడు కలుపుటకు ముందు కొనల రంగు చూచును. గులాబిరంగున నిగనిగలాడినచో మంచిది. నల్లబడినచో ఇంకను కొంత తీసివేయును. అంచుధమని కొట్టుకొనుచున్నదా, కోసిన అంచున ఎఱ్ఱని నెత్తురు చిమ్ముచున్నదా యని చూచును. ఇప్పుడు కొన్ని ఆసుపత్రులలో ఇండోసయనిన్ గ్రీన్ అను రంగుమందును సిరలోనికి ఎక్కించి, ప్రత్యేకమైన కెమేరాతో చూచుచున్నారు. నెత్తురు పారినంతమేర పేగు వెలుగును. పారనిచోట చీకటిగా నుండును. ముందు అనుకొన్నదానికంటె నాలుగంగుళములు ఎక్కువ తీసితిమని వైద్యుడు చెప్పినచో, అది తరచుగా ఈ పరీక్షా ఫలమే.

కొన్నిసమయములలో అతుకుమీద నమ్మకము చాలక, పేగు కొనను పొట్టమీదికి తెచ్చి తాత్కాలికముగా మలద్వారము ఏర్పరచి, సంచి కట్టుదురు. మన యిండ్లలో దీనిని గొప్ప అవమానముగా తలంతురు. అది అవమానము కాదు. శివారు చేనిలో నారు నాటుకొనువరకు నీటిని వేరుదారిని మరలించుట వంటిది. అనేకులలో కొన్ని నెలలకు దానిని మూసివేయుదురు; కొందరిలో మాత్రము అది శాశ్వతముగా నుండును. ఏది తమ విషయమున జరుగనున్నదో ముందుగా అడిగి తెలిసికొనుట మేలు. ఇక పెద్దపేగులో సగము పోయినచో మనిషి బ్రతుకుట యెట్లను భయము అక్కరలేదు. అన్నము జీర్ణించుకొనునది ముఖ్యముగా చిన్నపేగు; పెద్దపేగు ముఖ్యముగా నీటిని పీల్చుకొనును. కొంతకాలము విరేచనములు పలుచబడినను, చాలమందిలో పిదప సర్దుకొనును.

కడపట మనచేతిలో నున్న పని చెప్పి ముగింతును. పేగు అతుకునకు నెత్తురే ప్రాణమని తెలిసెను గదా! పొగాకు పొగ సన్ననాళములను ముడుచుకొనునట్లు చేయును. చుట్ట త్రాగు పెద్దలు ఆపరేషను నిశ్చయమైన దినముననే చుట్ట మానవలెను. మధుమేహము కలవారు దానిని అదుపులో నుంచుకొనవలెను. మలములో నెత్తురు పడినప్పుడెల్ల మూలశంకయని నిర్ణయించుకొని ఊరకుండరాదు. మలవిసర్జన అలవాటు వారములతరబడి మారినను, కారణము లేక చిక్కిపోయినను, పెద్దవయసున నెత్తురు తగ్గి పాలిపోయినను వైద్యునికి చూపుకొనవలెను. గడ్డ పెరిగి పేగు మూసికొనిపోయిన పిదప వచ్చిన రోగికి, పేగు ఉబ్బి, గోడ సాగి, దానిలోని నెత్తురుపాఱుదల సన్నగిల్లియుండును. అప్పుడు అతుకు నిలుచుట కష్టము, సంచి అవసరము ఎక్కువ, ప్రాణభయమును ఎక్కువ. ముందుగా వచ్చినవానికి అదే వైద్యుడు, అదే కత్తి, ఎంతయో సులభముగా మేలుచేయగలరు.

మూరెడు పేగు ఏలయని మీ యింటివారు ఇకమీద అడిగినచో, విసనకఱ్ఱ నొకదానిని చేతికిచ్చి, ఈనెను చూపి చెప్పుడు. ఆ సందేహము తీరి ఒక్క రోగియైనను నెల ముందుగా ఆసుపత్రికి పోయినచో, నేటి మన ముచ్చట సార్థకమైనదనుకొందును.